క్యాసెట్‌లోని గడియారం

కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో మహాభారత ఉత్సవం మొదలైందంటే ఆ ఊళ్లకు రోజుల తరబడి నిద్ర ఉండదు. పగలు ద్రౌపదమ్మ గుడి ముందు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున సరిహద్దు అవతలి తమిళ పల్లెల నుంచి కూడా జనం వచ్చి చేరతారు. ఆఖరి రోజు మట్టితో పోసిన దుర్యోధనుడి బొమ్మ మీద భీముడి గద లేస్తుంది. పొద్దుగూకే వేళకు అగ్నిగుండం సిద్ధమవుతుంది. ఈ ఉత్సవాలనూ, పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరనూ, మదనపల్లె కల్యాణ మండపాల్లో జరిగిన పెళ్లిళ్లనూ 2000 తర్వాత ఓ పదేళ్లపాటు తనలో దాచుకున్నది 66 మిల్లీమీటర్ల పొడవు, 48 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న క్యాసెట్. దాని పేరు మినీడీవీ.

ఆ క్యాసెట్లు ఇప్పుడు స్టూడియోల బీరువాల్లోనూ, ఇళ్లలో పెళ్లి ఆల్బమ్ పక్కనా, ఉత్సవ పెద్దల పెట్టెల్లోనూ ఉన్నాయి. చాలావాటిలో బొమ్మ ఇంకా చెక్కుచెదరలేదు. కానీ ఏ క్యాసెట్‌లో ఏముందో చెప్పే కాగితమే దొరకదు. టేపు పాడైతే కొంత పోతుంది. కాగితం లేకపోతే బాగున్న టేపు కూడా పోయినట్టే. ఎవరూ వెతకలేని దృశ్యం ఉండీ లేనిదే కదా.

టేపు మీది దృశ్యాన్ని కంప్యూటర్‌లోకి దించడం క్యాప్చరింగ్. ఏ దృశ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసిపెట్టుకోవడం లాగింగ్. మొదటిది యంత్రం పని, రెండోది మనిషి పని. ఈ రెంటినీ ముడివేసేది టేపు మీద ప్రతి ఫ్రేము పక్కనా నమోదయ్యే ఒక గడియారం. దాని సంగతి తెలియాలంటే ముందు టేపు మీద రాత ఎలా పడుతుందో చూడాలి.

ముప్పావు మిల్లీమీటరులో ఒక ఫ్రేము

క్యాసెట్‌ను కెమెరాలో పెట్టి మూత నొక్కగానే లోపల మోటారు కిర్రుమంటుంది. రెండు చిన్న కడ్డీలు టేపును క్యాసెట్ లోంచి బయటికి లాగి, 21.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న లోహపు డ్రమ్ముకు సగం దూరం చుడతాయి. డ్రమ్ము కొంచెం ఒరిగి ఉంటుంది. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు ఉంటాయి. టేపు నింపాదిగా, సెకనుకు 19 మిల్లీమీటర్లయినా నిండని వేగంతో జరుగుతుంటే, డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. అంటే హెడ్డు టేపు మీద సెకనుకు పది మీటర్లకు పైగా పరుగెడుతోందన్నమాట. టేపునే ఆ వేగంతో లాగాల్సి వస్తే గంట రికార్డింగుకు 36 కిలోమీటర్ల టేపు కావాలి. డ్రమ్మును ఒరగబెట్టి తిప్పడంతో 68 మీటర్లు సరిపోయాయి.

హెడ్డు ఒక్కోసారి టేపును దాటినప్పుడల్లా ఒక ఏటవాలు గీత పడుతుంది. పొడవు సుమారు 33 మిల్లీమీటర్లు, వెడల్పు 10 మైక్రాన్లు. మిల్లీమీటరులో నూరో వంతు అది. వేరుశనగ చేలో సాళ్లు పడ్డట్టు ఒకదాని పక్కన ఒకటి ఎడం లేకుండా ఈ గీతలు పడుతూ పోతాయి. డ్రమ్ము సెకనుకు 150 చుట్లు, చుట్టుకు రెండు హెడ్లు, కాబట్టి సెకనుకు 300 గీతలు. మన దేశంలో టీవీ బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 12 గీతలు వస్తాయి. ఆ పన్నెండిటినీ ఒకదాని కొసకు ఒకటి చేర్చి పరిస్తే 40 సెంటీమీటర్ల పొడవుంటాయి. ఆ పన్నెండు గీతలు పడేలోపు టేపు జరిగేది ముప్పావు మిల్లీమీటరు. తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి నవ్వు, వెనక సన్నాయి, పురోహితుడి మంత్రం అన్నీ కలిపి ఒక ఫ్రేము ఆ కాస్త చోటులో ఇమిడిపోతుంది. టేపు మీద ఒక సెంటీమీటరు నలిగిందంటే అరసెకను దృశ్యం దెబ్బతింటుందని కూడా దీన్నిబట్టే లెక్క కట్టవచ్చు.

అంతకు ముందున్న వీహెచ్ఎస్‌లోనూ ఒరిగిన డ్రమ్మే ఉండేది. అయితే అందులో గీత మీద పడేది అంకెలు కాదు, హెచ్చుతగ్గుల అల. దాన్ని ఇంకో క్యాసెట్‌కు ఎక్కిస్తే అల కాస్త చెదిరేది. ఆ కాపీ నుంచి ఇంకో కాపీ తీస్తే మరికాస్త చెదిరేది. మదనపల్లెలో మిక్సింగ్ (ఎడిటింగ్) అయి బంధువులకు పంచిన పెళ్లి క్యాసెట్లలో ఎర్ర చీర అంచు దాటి రంగు కారినట్టు కనబడటానికి కారణం ఇదే. మినీడీవీ వాడే డీవీ పద్ధతిలో గీత మీద ఉన్నవి సున్నాలూ ఒకట్లూ. సరిగ్గా చదివితే నూరో కాపీ కూడా మొదటిదే.

బొమ్మను అంకెల్లో రాస్తే సెకనుకు దాదాపు 124 మెగాబిట్లు అవుతుంది. అంత రాయడం ఈ సన్నటి టేపుకు సాధ్యం కాదు. అందుకే డీవీ ప్రతి ఫ్రేమునూ చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని సూక్ష్మ వివరాలను తగ్గించి, ఐదో వంతుకు కుదించి 25 మెగాబిట్లకు దించుతుంది. ధ్వనీ, తప్పులు సరిచేసే సమాచారమూ దీనికి అదనం. కంప్యూటర్‌లోకి వచ్చేసరికి ఒక ఫ్రేము సరిగ్గా 1,44,000 బైట్లు. సెకనుకు 3.6 మెగాబైట్లు, గంటకు దాదాపు 13 గిగాబైట్లు. ఈ 13 అంకెను గుర్తుపెట్టుకోండి, దీనితో చాలా పని ఉంది. డీవీలో ఇంకో మంచి గుణం, ఏ ఫ్రేము కుదింపు ఆ ఫ్రేముదే. ముందు వెనకల ఫ్రేముల మీద ఆధారపడదు. ఎక్కడ కోసినా శుభ్రంగా తెగుతుంది. 2003లో ఇదే క్యాసెట్ మీద హెచ్‌డీవీ వచ్చినప్పుడు ఆ గుణం పోయింది. పన్నెండేసి ఫ్రేములను ఒక గుంపుగా కుదించడంతో టేపు మీద ఒక మచ్చ అరసెకను బొమ్మను మింగేసేది.

ఇక మనకు కావలసిన గడియారం. డీవీలో ప్రతి గీతా నాలుగు భాగాలు. మొదటి భాగం హెడ్డు సరైన గీత మీదే ఉందో లేదో చూసుకోవడానికి. తర్వాత ధ్వని, ఆపైన బొమ్మ. చివరన సబ్‌కోడ్ అనే చిన్న ముక్క. అందులో రెండు విషయాలు ఉంటాయి. ఒకటి టైమ్‌కోడ్, అంటే ఈ ఫ్రేము క్యాసెట్ మొదలు నుంచి ఎన్ని గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేముల దూరంలో ఉందో చెప్పే సంఖ్య. రెండోది షూటింగ్ జరిగిన తేదీ, వేళ. కెమెరామన్ దేన్ని చూపిస్తున్నా, దేన్ని వదిలేస్తున్నా, క్యాసెట్ తన పాటికి తాను సెకనుకు 25 సార్లు ఈ రెంటినీ రాసుకుంటూ పోతుంది. మన చేతిలో ఉన్న అత్యంత నమ్మకమైన సాక్ష్యం ఇదే.

గంట, నిమిషం, సెకను, ఫ్రేము

00:23:41:07 అని తెర మీద కనబడితే, క్యాసెట్‌లో 23 నిమిషాల 41 సెకన్ల తర్వాతి ఏడో నంబరు ఫ్రేము అని అర్థం. చివరి జత 00 నుంచి 24 వరకే వెళ్తుంది. అమెరికాలో సెకనుకు 29.97 ఫ్రేములు కావడంతో గడియారం సరిపోవడానికి మధ్యమధ్య కొన్ని నంబర్లను దాటేయాలి. మనకు నిండుగా 25 కాబట్టి ఆ తలనొప్పి లేదు.

సినిమా ఫిల్ముకు అంచున నంబర్లు అచ్చయి ఉంటాయి. ఎడిటరు వాటిని చూసి నెగెటివ్ కోయించేవాడు. వీడియో టేపు మీద కంటికి కనబడే గుర్తే లేదు. టేపును దీపానికి ఎదురుగా పట్టుకున్నా అంతా ఒకే గోధుమ రంగు. 1960ల చివర టీవీ ఇంజనీర్లు ఫ్రేము ఫ్రేముకూ ఒక కాల సంఖ్యను టేపు మీదే రాయడం మొదలుపెట్టాక గానీ వీడియో ఎడిటింగ్ ఒక కచ్చితమైన పని కాలేదు. పెద్ద స్టూడియోలకే పరిమితమైన ఆ ఏర్పాటు 1995లో వచ్చిన డీవీతో చిన్న ఊరి పెళ్లి కెమెరాకూ అందింది. సోనీ అదే ఏడాది తెచ్చిన వీఎక్స్1000 కెమెరాకు ఫైర్‌వైర్ సాకెట్టు ఉండేది. సన్నటి ఒక్క తీగలో బొమ్మ, ధ్వని, టైమ్‌కోడ్, తేదీ అన్నీ యథాతథంగా కంప్యూటర్‌లోకి వస్తాయి. ఎదురు దిశలో కంప్యూటర్ నుంచి కెమెరాకు ‘ఆగు, వెనక్కి తిప్పు, మొదలుపెట్టు’ అనే ఆజ్ఞలు అదే తీగలో వెళ్తాయి.

ఈ రెండో సంగతి వల్లే లాగింగ్‌కు అంత బలం వచ్చింది. 1999లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘లాగ్ అండ్ క్యాప్చర్’ అనే కిటికీ ఉండేది. ప్రీమియర్‌లో, మన స్టూడియోలు ఎక్కువగా ఇష్టపడ్డ ఎడియస్‌లో కూడా పేరు తేడాతో ఇలాంటిదే ఉంది. ఎడమవైపు బొమ్మ ఆడుతుంటుంది. కుడివైపు కొన్ని గళ్లు. మొదట రీలు పేరు ఇవ్వాలి. దృశ్యం మొదలైన చోట ‘ఇన్’, ముగిసిన చోట ‘అవుట్’ గుర్తు పెట్టి, ఒక పేరు, ఒక వ్యాఖ్య రాసి ‘లాగ్’ నొక్కితే కింద పట్టీలో ఒక వరుస చేరుతుంది. ఈ దశలో హార్డ్ డిస్కులోకి ఒక్క ఫ్రేము కూడా రాలేదు. వచ్చిందల్లా నాలుగు ముక్కల సమాచారం. రీలు: భారతం 07. ఇన్: 00:12:05:10. అవుట్: 00:19:48:00. వ్యాఖ్య: అర్జునుడు మాను ఎక్కడం, సగం దూరంలో ఆగి పాట, కింద జనం గోవింద కొట్టడం, మైకులో కీచు శబ్దం.

క్యాసెట్ అంతా చూసి ఇలా వరుసలు రాసుకున్నాక ‘బ్యాచ్ క్యాప్చర్’ నొక్కాలి. అప్పుడు జరిగేది కళ్లారా చూడాల్సిందే. కెమెరా ఎవరూ ముట్టుకోకుండానే కదులుతుంది. టేపు గిర్రున తిరిగి, మొదటి వరుసలోని ‘ఇన్’ అంకెను దాటి ఇంకా మూడు నుంచి ఐదు సెకన్లు వెనక్కి వెళ్లి ఆగుతుంది. ఎందుకంటే నిలిచిన టేపు నడక అందుకోవడానికి, హెడ్డు సరిగ్గా గీత మీదికి చేరి కుదురుకోవడానికి ఆ కొద్ది సమయం కావాలి. తర్వాత టేపు ఆడటం మొదలవుతుంది. కంప్యూటర్ ఒక్కో ఫ్రేము టైమ్‌కోడ్‌నూ చదువుతూ 00:12:05:10 రాగానే డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. ‘అవుట్’ రాగానే ఆపేస్తుంది. తర్వాతి వరుసకు టేపు మళ్లీ పరుగు తీస్తుంది. రీలు మారితే తెర మీద ఫలానా క్యాసెట్ పెట్టమని అడుగుతుంది.

ఇంత కష్టం ఎందుకు, మొత్తం దించేస్తే పోలేదా అనిపించవచ్చు. ఇక్కడే 13 గిగాబైట్ల లెక్క పనికొస్తుంది. 2004 ప్రాంతంలో మదనపల్లెలోనో పుంగనూరులోనో మిక్సింగ్ చేసే కంప్యూటర్‌లో సాధారణంగా ఉండే డిస్కు 80 గిగాబైట్లు. దానిలో ఆరు క్యాసెట్లు పడితే నిండిపోతుంది. మహాభారత ఉత్సవానికి ఇరవై క్యాసెట్లు తీశారనుకుంటే 260 గిగాబైట్లు కావాలి. కాబట్టి ముందు చూడాలి, ఎంచాలి, రాయాలి, ఆ తర్వాతే దించాలి. విండోస్ 98 నడిచే యంత్రాల్లో ఇంకో అడ్డంకి. వాటి డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతిలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. డీవీకి అది ఇరవై నిమిషాలు కూడా నిండదు.

డిస్కు వేగం కూడా సమస్యే. టేపు ఆగదు. సెకనుకు 3.6 మెగాబైట్లు వస్తూనే ఉంటాయి. ఆ క్షణంలో యాంటీవైరస్ లేచి డిస్కును వెతకడం మొదలుపెడితే రెండు మూడు ఫ్రేములు కింద పడిపోతాయి. బొమ్మలో చిన్న కుదుపు, అక్కడినుంచి పెదవికీ మాటకూ పొంతన ఉండకపోవచ్చు. క్యాప్చరింగ్ పెట్టి ఆ కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదనే నియమం అన్ని స్టూడియోల్లోనూ ఉండటానికి కారణం ఇది. కరెంటు కోతల మాట సరేసరి.

ఇప్పుడు లాగింగ్ అసలు శక్తి చూడండి. మిక్సింగ్ పూర్తయింది, డిస్కు కాలిపోయింది అనుకోండి. దించిన దృశ్యాలన్నీ పోయాయి. కానీ ప్రాజెక్టు ఫైలు మాత్రం ఒక సీడీలోనో ఫ్లాపీలోనో ఉంది. దానిలో బొమ్మలేవీ ఉండవు. ఏ రీలు, ఎక్కడి నుంచి ఎక్కడికి, దేని తర్వాత ఏది అనే సంఖ్యలే ఉంటాయి. కొత్త డిస్కు పెట్టి బ్యాచ్ క్యాప్చర్ నొక్కి క్యాసెట్లు ఒక్కొక్కటే అందిస్తే మూడు గంటల పెళ్లి వీడియో మొత్తం ఫ్రేము తేడా లేకుండా తిరిగి నిలబడుతుంది. నాకు ఈ సాంకేతికతలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. బొమ్మ కన్నా బొమ్మ గురించి రాసిన నాలుగు అంకెలు ఎక్కువ పట్టుగా నిలిచాయి.

దీనికి రెండు షరతులు ఉన్నాయి. రీలు పేరు ఏ రెంటికీ ఒకటి కాకూడదు. ‘పెళ్లి 1’ అని రెండు క్యాసెట్లకు పెడితే, కంప్యూటర్ అడిగినప్పుడు వేరే పెళ్లి క్యాసెట్ పెట్టినా అది గుర్తుపట్టలేదు, ఆ అంకెల దగ్గరున్న వేరేవాళ్ల తలంబ్రాలను తెచ్చి ఇందులో అతికిస్తుంది. రెండో షరతు, క్యాసెట్ మొదలు నుంచి చివరివరకూ టైమ్‌కోడ్ తెగకూడదు.

అది ఎలా తెగుతుందో పెళ్లిళ్లకు వెళ్లిన ప్రతి కెమెరామన్‌కూ తెలుసు. ముహూర్తం అయిపోయింది. పెళ్లికూతురి మేనమామ దగ్గరకొచ్చి నిలబడతాడు.

“ఏం నాయనా, జీలకర్ర బెల్లం బాగ పడిందా? ఒకసారి చూపీ.”

“ఇప్పుడొద్దు పెదనాయనా, ఇంటికొచ్చినంక చూపిస్తా.”

“ఒక్క నిమిషమే కదప్పా.”

కాదనలేక టేపును వెనక్కి తిప్పి చూపిస్తాడు. ఇంకో నలుగురు మూగుతారు. ఈలోగా అప్పగింతలు మొదలయ్యాయని పిలుపు. తొందరలో టేపును ముందుకు తోసి, రాత ముగిసిన చోటును దాటి ఖాళీ టేపు మీదికి వెళ్లి రికార్డు నొక్కుతాడు. కెమెరాకు వెనక ఎక్కడా నంబరు కనబడదు కనుక 00:00:00:00 నుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఆ క్యాసెట్‌లో ఇక రెండు ఐదో నిమిషాలు ఉంటాయి. ఒకటి గౌరీపూజ, ఒకటి అప్పగింతలు. కంప్యూటర్ ఒకదాన్ని వెతుకుతూ రెండోదాని దగ్గర ఆగుతుంది, లేదా తెగిన చోట దిక్కుతోచక క్యాప్చరింగ్ ఆపేస్తుంది. సోనీ కెమెరాల మీద ‘ఎండ్ సెర్చ్’ అనే మీట ఉండేది అందుకే. దాన్ని నొక్కితే రాత ఆగిన సరైన చోటుకు తీసుకెళ్లి నిలిపేది. జాగ్రత్త తెలిసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేముందు ఎప్పుడూ పాత దృశ్యం చివరి రెండు మూడు సెకన్ల మీదికి వచ్చి అక్కడినుంచి రికార్డు చేసేవాళ్లు. ఆ రెండు సెకన్లు పోయినా గడియారం నిలిచేది.

క్యాసెట్ ఖర్చు కలిసొస్తుందని ఎల్‌పీ (లాంగ్ ప్లే) పద్ధతిలో తీసే అలవాటు ఇంకో చిక్కు తెచ్చింది. అరవై నిమిషాల క్యాసెట్‌లో తొంభై నిమిషాలు పడుతుంది గానీ గీత వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.7 మైక్రాన్లకు తగ్గుతుంది. తీసిన కెమెరాలో బాగానే ఆడిన క్యాసెట్ వేరే కెమెరాలో గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది.

మదనపల్లె నుంచి శాన్‌డియేగో దాకా

మంచి రీలు పేరు ఎలా ఉండాలో చెప్పడానికి మదనపల్లెలో పుట్టిన మనిషినే ఉదాహరణగా తీసుకోవచ్చు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఆ ఊళ్లో పుట్టాడు. ఊరికి దగ్గర్లోని రిషివ్యాలీ ఆయన ఆలోచనతో వచ్చిన విద్యాలయమే. ఆయన ప్రసంగాలూ సంభాషణలూ దశాబ్దాల పాటు, అనేక దేశాల్లో, మొదట ఆడియో మీద, తర్వాత వీడియో మీద రికార్డయ్యాయి. 1974 ఫిబ్రవరిలో అమెరికాలోని శాన్‌డియేగోలో ఆచార్య ఆలన్ ఆండర్సన్‌తో ఆయన జరిపిన పద్దెనిమిది సంభాషణలను కలర్ వీడియో టేపు మీద తీశారు. వాటిలో మొదటిదానికి ఆర్కైవులో ఉన్న గుర్తు ఎస్‌డి74సిఎ1. ఎస్‌డి అంటే శాన్‌డియేగో, 74 సంవత్సరం, సిఎ అంటే ఆండర్సన్‌తో సంభాషణ, 1 వరుస సంఖ్య. చోటు, కాలం, సందర్భం, క్రమం అన్నీ ఏడు అక్షరాంకెల్లో ఇమిడాయి. ఏ రెండు టేపులకూ ఒకే గుర్తు వచ్చే వీలు లేదు. టేపు పోయి డీవీడీ వచ్చినా, డీవీడీ పోయి ఇంటర్నెట్ వచ్చినా ఆ గుర్తు మారనక్కర్లేదు. కుప్పం ఉత్సవ క్యాసెట్‌కు ‘కుప్పం05భారతం07’ అని పెట్టడానికి ఇంతకు మించిన చదువేమీ అక్కర్లేదు.

పుంగనూరు ఆవు సంగతి చూస్తే తేదీ, ఊరు రాయడం ఎంత అవసరమో ఇంకా బాగా తెలుస్తుంది. ఈ పొట్టి జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దశాబ్దాలుగా కాపాడుతూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో ఈ ఆవులు టీవీల్లో కనబడ్డాక దేశమంతా వీటి పేరు మారుమోగింది. ఇప్పుడు ఇంకా పొట్టిగా, రెండడుగుల ఎత్తులో పెంచిన మినియేచర్ ఆవులకూ అదే పేరు వాడుతున్నారు. పాత పుంగనూరు ఆవు కొమ్ము, మోపురం, నడక ఎలా ఉండేవో చెప్పగలిగేవి ఆ ప్రాంతంలో ఇరవై ఏళ్ల కిందట తీసిన దృశ్యాలు. జాతర క్యాసెట్‌లోనో, గృహప్రవేశం క్యాసెట్‌లోనో ఇంటి ముందు కట్టేసిన ఆవు ఒక అరనిమిషం కనబడి ఉండవచ్చు. లాగ్ రాసేవాళ్లు దాన్ని ‘ఇంటి బయట’ అని దాటేయకుండా ‘ఆవు, పక్కన మనిషి నిలబడి ఉన్నాడు, ఎత్తు పోల్చవచ్చు’ అని రాస్తే అది శాస్త్రానికి పనికొచ్చే ఆధారం అవుతుంది. తేదీ సబ్‌కోడ్‌లో ఎటూ ఉంది.

ఆ తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కెమెరాలో గడియారం నడిపే చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఫ్యాక్టరీలో పెట్టిన మొదటి రోజుకు పోతుంది. చాలామంది దాన్ని మళ్లీ సరిచేయరు. రాత్రి నాటకానికి మధ్యాహ్నం వేళ పడిందంటే గడియారం తప్పని తేలిపోతుంది. శుభలేఖతోనో, ఉత్సవం కరపత్రంతోనో సరిపోల్చి లాగ్‌లో అసలు తేదీ రాయాలి.

ఇప్పుడు దించుకోవాలంటే

క్రమం ఇవాళ తిరగబడింది. అప్పట్లో చోటు లేక ముందు లాగ్ రాసి తర్వాత దించారు. ఇప్పుడు ఒక టెరాబైటు డిస్కులో డెబ్బై ఐదు గంటల డీవీ పడుతుంది. కాబట్టి క్యాసెట్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే దమ్మున దించేసి, లాగ్ తర్వాత తీరిగ్గా రాసుకోవాలి. టేపును మాటిమాటికీ ముందుకూ వెనక్కూ పరుగెత్తించే బ్యాచ్ క్యాప్చర్ ఇరవై ఏళ్ల వయసున్న టేపుకు మంచిది కాదు. యునెస్కో 2019లో అయస్కాంత టేపుల గురించి ప్రపంచానికి హెచ్చరిక పంపింది. అందులో ప్రధానమైన భయం టేపు కుళ్లిపోవడం గురించి కాదు. టేపును ఆడించే యంత్రాలూ, వాటి విడిభాగాలూ, వాటిని బాగుచేసే చేతులూ మాయమవడం గురించి.

టేపు వయసు విషయంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న మన పడమటి మండలాలు కొంత అదృష్టం చేసుకున్నాయి. టేపు పూతలను పట్టి ఉంచే జిగురు తేమను పీల్చి మెత్తబడుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఇది త్వరగా జరుగుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున, పొడిగాలిలో ఉంది. క్షయ రోగుల కోసం 1910ల దశకంలో ఆరోగ్యవరం శానిటోరియానికి ఆ చోటును ఎంచుకున్నదీ ఈ వాతావరణాన్ని చూసే. బీరువాలో నిలువుగా, పెట్టెలో ఉంచిన క్యాసెట్ ఇక్కడ బాగా నిలిచి ఉండే అవకాశం ఎక్కువ.

దించేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పడకూడదు. కెమెరాకు ఉండే ఎరుపు తెలుపు పసుపు పిన్నుల తీగను చవకరకం యూఎస్‌బీ డబ్బాకు తగిలించి దించే పద్ధతి ఇప్పుడు అంతటా వాడుకలో ఉంది. వీహెచ్ఎస్‌కు వేరే దారి లేదు గనుక అది సరే. మినీడీవీకి మాత్రం అది అన్యాయం. ఆ తీగలో అంకెలు రావు, అంకెలను మళ్లీ అలగా మార్చిన బొమ్మ వస్తుంది. టైమ్‌కోడ్, తేదీ అక్కడే ఆగిపోతాయి. ఫైర్‌వైర్ ద్వారా వస్తే టేపు మీది బైట్లే యథాతథంగా ఫైలు అవుతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ సాకెట్టు లేదు. ఫైర్‌వైర్ కార్డు పెట్టగల పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించడమే మేలు. లైనక్స్‌లో డీవీగ్రాబ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. షూటింగు ఆగి మళ్లీ మొదలైన ప్రతి చోటా ఫైలును విడగొట్టి, సబ్‌కోడ్‌లోని తేదీ, వేళలనే ఫైలు పేరుగా పెడుతుంది. సగం లాగ్ దానంతట అదే తయారవుతుంది.

అక్కడక్కడా గళ్లు కనబడితే నిరాశ పడనక్కర్లేదు. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో కనిపెట్టిన సంకేత పద్ధతి డీవీలో ఉంది. గీతలో కొన్ని బైట్లు చెడినా మిగిలినవాటి నుంచి లెక్కకట్టి తిరిగి రాబడుతుంది. లెక్కకు అందనంత చెడితే కెమెరా ముందు ఫ్రేములోని గడిని తెచ్చి అక్కడ అతికించి, ‘ఇది అతుకు’ అని ఒక గుర్తు కూడా ఫైలులో వదులుతుంది. హెడ్లు శుభ్రం చేసి అదే క్యాసెట్‌ను రెండోసారి దించితే అతుకులు అవే చోట్ల పడవు. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు మూడు సార్లు దించిన ఫైళ్లను టైమ్‌కోడ్ ప్రకారం పక్కపక్కన పెట్టి, ప్రతి గడికీ అతుకు లేని ప్రతిని ఏరి, ఒక్క మంచి ఫైలుగా కూర్చుతుంది. ఇక్కడ కూడా పని చేయించేది ఆ గడియారమే. టైమ్‌కోడ్ లేకపోతే ఏ ఫ్రేము పక్కన ఏ ఫ్రేమును పెట్టాలో దానికి తెలియదు.

లాగ్ రాసే పనికి కంప్యూటర్ నిపుణులు అక్కర్లేదు, ఊరివాళ్లు కావాలి. కుప్పం నాటకంలో పాట తెలుగులో ఉంటుంది, మధ్యలో హాస్యగాడి మాట తమిళంలోకి జారుతుంది, ముందు వరుసలో కూర్చున్న కన్నడ చుట్టాల కోసం ఒక విసురు కన్నడలో పడుతుంది. ద్రౌపది వేషం వేసింది ఎవరు, మద్దెల ఎవరిది, మాను ఎక్కిన మనిషి ఏ ఊరివాడు అనేవి ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్లు చెప్పగలరు. వాళ్లలో పెద్దవాళ్లు ఎప్పటికీ ఉండరు. ద్రావిడ భాషల కోసమే 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం అదే కుప్పంలో ఉంది. ఇలాంటి క్యాసెట్లకూ వాటి లాగ్ పుస్తకాలకూ అంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

దించడం అయ్యాక ఫైలు పరిమాణం చూడాలి. పూర్తిగా నిండిన అరవై నిమిషాల క్యాసెట్‌కు 13 గిగాబైట్ల దగ్గర ఉండాలి. బాగా తగ్గిందంటే ఫ్రేములు జారిపోయాయి, మళ్లీ దించాలి. సరిపోతే అసలు డీవీ ఫైలును అలాగే ఉంచి, ఇంట్లో ఫోనుల్లో చూసుకోవడానికి దాని నుంచి ఒక చిన్న ఎంపీ4 తీసుకోవచ్చు. లాగ్‌ను మామూలు టెక్స్ట్ ఫైలుగా రాసి, రీలు పేరుతోనే దాచి, రెండిటికీ రెండేసి కాపీలు చేయాలి. ఒకటి మదనపల్లెలో ఉంటే రెండోది పుంగనూరులోనో కుప్పంలోనో చుట్టాలింట్లో ఉండాలి. క్యాసెట్‌ను మాత్రం పారేయవద్దు. దాని వీపు మీద ఫైలుకు పెట్టిన పేరే రాసి, రికార్డు చేయడానికి వీలు లేకుండా చిన్న మీటను ‘సేవ్’ వైపు జరిపి పెట్టెలో పెట్టాలి.